మా ఎమ్మెల్యేకు నా బిందె ఎదురు

మా ఎమ్మెల్యే రాజకీయమంతా నా నీళ్ల బిందెతోనే మొదలైందని ఆయన నమ్మకం. నాకు మాత్రం ఆ పొద్దు గురించి గుర్తున్నది నడుం నొప్పి ఒక్కటే.

అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు. దిల్‌సుఖ్‌నగర్ వెనక, సైదాబాద్‌కు పోయే దిక్కున మా గల్లీ. ఆ గల్లీ చివరింట్లో కిరాయికి ఉండేవాడు. కార్పొరేటర్‌గా నామినేషన్ వేద్దామని స్కూటర్ తీశాడు. మా నల్లా రాలేదని నేను పక్క గల్లీ బోరు దగ్గర బిందె నింపుకుని, చంకన పెట్టుకుని సరిగ్గా అప్పుడే ఎదురొచ్చాను. నిండు బిందెతో ముత్తైదువ ఎదురైతే పోయిన పని అవుతుందని మా వైపు గట్టి పట్టింపు. ఆయన స్కూటర్ ఆపి నాకు దండం పెట్టాడు.

"అక్కా, పక్కకు తిరగకు. సీదా రా."

"ముందుగాల తొవ్వ ఇడువు తమ్మీ, నడుము పోతున్నది" అన్నాను.

గెలిచాడు. గెలిచాక ఊరంతా ఆయన్ని అన్న అనడం మొదలుపెట్టింది. పళ్లూడిన ముసలాయన కూడా అన్నా అనే పిలిచేవాడు. నేను మాత్రం తమ్మీ అనడం మానలేదు. ఎదురొచ్చిన దాన్ని కదా, ఆయన కూడా ఏమీ అనలేదు.

గెలిచిన కొత్తలో మా గల్లీకి వాన నీళ్లు, మురుగు పోయే మోరీ వేయిస్తానని శంకుస్థాపన చేశాడు. టెంటు వేశారు, కొబ్బరికాయ కొట్టారు, నల్లరాతి ఫలకం నిలబెట్టారు. ఫలకం నిలబడింది గానీ మోరీ రాలేదు. మా వంటిల్లు రోడ్డుకంటే పల్లం. గట్టి వాన పడితే గల్లీ నీళ్లన్నీ మా వంటింట్లోకే చుట్టపుచూపుగా వచ్చేవి. పొయ్యిని మంచం మీదికెక్కించి, మేము గుమ్మంలో కూర్చునేవాళ్లం. యాభై దాటాక కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం పూట అక్షరాలు నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి పొడుగు వాక్యం ఆ ఫలకం మీదిదే. ఎల్లిపాయలు ఒలిచేటప్పుడు దానికే ఆనుకుని కూర్చునేదాన్ని గనుక రోజూ చదవక తప్పేది కాదు.

తర్వాత ఆయనకు ఎమ్మెల్యే టికెట్ వచ్చింది. అప్పటికే ఎల్బీనగర్ దాటి నాదర్‌గుల్ రోడ్డు మీద పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. నామినేషన్ రోజు నాకోసం కారు పంపాడు. వాళ్లింటి ముందు కొత్త ఇత్తడి బిందె పెట్టి, అందులో క్యాను నీళ్లు ఒంపి, నన్ను ఆయన ఫ్లెక్సీ వెనకాల నిలబెట్టారు. ఈల వేస్తే నడవాలి. ఈల వేశారు, నేను కదిలాను, ఎవరో తుమ్మారు. అంతే, ఎమ్మెల్యే కావలసినాయన మళ్లీ లోపలికి పోయి, కూర్చుని, మంచినీళ్లు తాగి వచ్చాడు. రెండోసారి ఈల వేశారు. ఈసారి నాకంటే ముందు ఆయన అనుచరుడొకాయన దండ పట్టుకుని ఎదురు పరుగెత్తాడు. అన్నకు టికెట్ రావాలని మొక్కుకుని, తిరుపతికి పోయి నున్నగా గుండు చేయించుకున్నవాడు.

"బోడిగుండు ఎదురొచ్చిందిరా!" అని లోపలినుంచి ఆయన తల్లి అరిచింది.

"నీ కొడుకు కోసమే చేయించుకున్ననమ్మా!" అని ఆ గుండాయన ఏడుపు మొహం పెట్టాడు. ఆయన తలకు తువ్వాల చుట్టి కారు వెనకాల దాచారు. మూడోసారికి నా బిందె సక్కగా ఎదురైంది. గెలిచాడు. మధ్యలో కండువా రంగు మార్చాడు, ఇంకోసారి నిలబడ్డాడు, మళ్లీ గెలిచాడు. రంగు మారినా బిందె మాత్రం అదే. నా వంటింట్లో నీళ్లూ అవే.

ఆ తర్వాతి ఎన్నికలు ఇంకా దూరంలో ఉండగానే గుండాయన మా ఇంటికొచ్చాడు. జుట్టు పెరిగినా నాకు ఆయన గుండాయనే.

"అమ్మా, అన్న పార్టీ పెద్దలను కలిసి టికెట్ అడగనీకి పోతున్నడు. రేపు పొద్దుగాల కారొస్తది."

"నేను రాను."

"ఏందమ్మా, జరమొచ్చిందా?"

"మోరీ వస్తే నేనొస్త."

బస్సు డ్రైవర్‌గా రిటైరైన మా ఆయన పరేషానయ్యాడు. "ఎమ్మెల్యేతోని గట్ల మాట్లాడుతరానే? మీదికెల్లి ఫోనొస్తే ఎట్ల?" అన్నాడు. అని, తడిసిన గోడకేసి చూసి, ఆగి, "అయితే పైపులు పెద్దయి అడుగు" అన్నాడు.

మర్నాడు వేరే ఆమెను ఎదురు రప్పించారట. ఆమె బిందె కారింది. పెద్దలు ఆయన్ని బయటే కూర్చోబెట్టి భోజనానికి వెళ్లిపోయారట. సాయంత్రానికి ఎమ్మెల్యే స్వయంగా మా గుమ్మంలో ఉన్నాడు.

"అక్కా, ఇది నా భవిష్యత్తు."

"అగో, అది నా పొయ్యి, తమ్మీ."

"జేస్త అంటున్న గదా."

"జేస్తవని రాయి మీద గూడ ఉన్నది. ఆడ చదివినంక ఈడికొచ్చి చూస్తే నీళ్లున్నయి."

ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు. మంచం మీద పొయ్యి, పొయ్యి మీద చాయ్. చాయ్ తాగి పోయాడు. వారం తిరక్కముందే జేసీబీ వచ్చింది. పెద్ద పైపులు వచ్చాయి. గుండాయన ఎండలో నిలబడి, "జల్ది కానియ్యండ్రి, అక్క చూస్తున్నది" అని పనివాళ్లను తొందరపెట్టాడు. ఆఖరికి మా ఇంటి ముందు గుంతకు మూత తక్కువ పడితే ఆ శంకుస్థాపన ఫలకాన్నే తెచ్చి కప్పారు. అన్న పేరు మీద కాళ్లు పడకూడదని బోర్లా వేశారు.

నేను మాట తప్పలేదు. టికెట్‌కూ పోయాను, నామినేషన్‌కూ పోయాను. బిందె అంచుదాకా నింపాను. మనసులో కూడా మంచే కోరుకున్నాను. ఎవరూ తుమ్మలేదు, గుండాయన టోపీ పెట్టుకుని వచ్చాడు.

ఓడిపోయాడు.

"నీ ఎదురు మోరీకి పనిజేసింది, పాపం ఆయనకు మిగల్లే" అన్నాడు మా ఆయన.

ఆ ఏడు మొదటి పెద్దవాన రోజున నేను వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని కాపలా కాశాను. గల్లీ నీళ్లు వచ్చాయి, ఫలకం కిందికి గుడగుడా దిగిపోయాయి. లోపలికి చుక్క రాలేదు. ఆ సంతోషంలో మిర్చీలు వేయిస్తుంటే తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. మాజీ ఎమ్మెల్యే. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"మూసారాంబాగ్ కాడ కారాగిపోయిందక్కా. ఎటు నడిచినా నీళ్లే. మీ గల్లీ ఒక్కటే ఆరున్నది."

"నువ్వు ఏయించిందే గద తమ్మీ. కూసో."

పీట మీద కూర్చుని మిర్చీలు తిన్నాడు. ఊదుకుంటూ అడిగాడు, "అక్కా, నిజం చెప్పు. ఆ రోజు బిందె నిండనే ఉండెనా?"

"నిండనే ఉండె. నా చీర గూడ తడిసింది."

"మరి ఎట్ల ఓడిపోయిన?"

మా ఆయన ఇంకో మిర్చీ అందుకున్నాడు. "ఇంకో నాలుగు గల్లీలల్ల నలుగురు అక్కలు ఎదురు రామంటే గెలిచేటోనివి అన్నా."

ఆయన నమలడం ఆపాడు. తర్వాత నవ్వాడు, పొలమారింది, నేను నీళ్లిచ్చాను.

వాన తెరిపిచ్చాక లేచాడు. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగి నావైపు చూశాడు.

"ఇంటికే గద పోతున్నవ్, తమ్మీ?"

"ఇంటికే. పాల పాకెట్ తెస్తనని పొద్దుగాల ఎల్లిన. మా ఆమె మస్తు కోపం మీదున్నది. జర ఎదురొస్తే..."

బిందె నింపుకున్నాను. గల్లీ మూలదాకా పోయి, వెనక్కి తిరిగి, సీదాగా నడిచి ఎదురొచ్చాను. ఆయన చెప్పులు పక్కన పెట్టి దండం పెట్టాడు. ఇంట్లో మా ఆయన తుమ్మాడు.

మాజీ ఎమ్మెల్యే మళ్లీ లోపలికొచ్చి, కూర్చుని, ఇంకో రెండు మిర్చీలు తిన్నాడు.