టెంకాయ లేచిన గది

అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని గోవిందప్ప పొలమంతా నడిచేవాడు. నేల కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడేది. ఇరవై ఏళ్ళుగా కళ్యాణదుర్గం చుట్టుపక్కల రైతులు ఆయన చూపిన చోటే బోరు వేస్తున్నారు. సగం చోట్ల నీళ్ళు పడ్డాయి, సగం చోట్ల దుమ్ము లేచింది. దుమ్ము లేచినవాళ్ళు తమ జాతకాన్ని తిట్టుకున్నారే గాని టెంకాయను ఒక్క మాట అనలేదు. అయిదు వందల అడుగుల లోతున ఏముందో చెప్పగల ఆ మనిషికి, అనంతపురంలో నేల మీద ఖాళీ గది ఎక్కడుందో మాత్రం అంతుపట్టలేదు.

కూతురు సుష్మకు అక్కడ డిగ్రీ సీటు వచ్చింది, హాస్టల్లో చోటు రాలేదు. సోమవారం తరగతులు మొదలు. ఈలోపు గది దొరికితే తల్లి తిప్పమ్మ తోడుంటుంది. దొరక్కపోతే చదువు మానిపించి ఇంట్లో ఉంచమని గోవిందప్ప అక్క మారెక్క ముందే తీర్పు చెప్పేసింది.

గురువారం నుంచి తండ్రీకూతుళ్ళు టు-లెట్ బోర్డుల వెంట తిరిగారు. ఒకాయన "ఏమోళ్ళు మీరు?" అని కులం అడిగి, జవాబు వినగానే గది నిన్ననే ఇచ్చేసిన సంగతి గుర్తు తెచ్చుకున్నాడు. బోర్డు మాత్రం తీయలేదు. ఒకామె తనకు మాంసం వాసన పడదంది. ఆమె వంటింట్లోంచి వస్తున్న వాసన దేనిదో అడిగే ధైర్యం వీళ్ళకు లేకపోయింది. మరో చోట ఆరు నెలల అడ్వాన్సు అడిగారు. ఆ గదిలో మంచం వేస్తే తలుపు మూసుకోదు.

శనివారం సుబ్బరత్నమ్మ ఇంటికి చేరారు. మూడంతస్తుల ఇల్లు. వెనకవైపు ఒక గది, చిన్న వంటిల్లు. బాడుగ నాలుగు వేలు.

"ఎంతమంది ఉంటారు?" అంది సుబ్బరత్నమ్మ, కుర్చీలోంచి కదలకుండా.

"ఇద్దరే తల్లీ. పాప, వాళ్ళమ్మ."

"సుట్టాలొస్తారా?"

"వచ్చినా పంపించేస్తాంలేమ్మా."

"పంపించేలోపు నీళ్ళు తాగుతారు కదప్పా! మా బోరు ఎండిపోయి నెలాయ. ట్యాంకరు నీళ్ళు. దినానికి ఆరు బిందెలే. తలస్నానం ఆదివారం ఒక్కటే. ఇంతకీ నువ్వేం పని చేస్తావు?"

"టెంకాయతో బోరుకు చోటు చూస్తానమ్మా."

సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది. నాలుక చివరిదాకా వచ్చిన ఇంకో ప్రశ్న వెనక్కి పోయింది. "అయ్యో, ఎండలో నిలబడినావేమన్నా! లోపలికి రా. కాఫీ తాగుతావా పాపా? మాకు చోటు చూపియ్యి. నీళ్ళు పడితే గది నీదే. నాలుగు వేలకే, అడ్వాన్సూ వద్దు."

గోవిందప్ప చెప్పులు విడిచి టెంకాయతో ఇంటి చుట్టూ నడిచాడు. గేటు పక్కన అది కదల్లేదు. తులసికోట దగ్గర కదల్లేదు. ఖాళీ గదిలోకి పోగానే, సరిగ్గా నట్టనడుమ, పిలక పైకెత్తి నిటారుగా నిలబడింది.

తలుపు దగ్గరున్న సుష్మ ఒక్కతే చూసింది. "నాయనా, లేసింది!"

"గమ్మునుండు పాపా."

నిజం చెబితే రేపే గది పగలగొడతారు. ఇరవై ఏళ్ళలో టెంకాయ చెప్పిన మాటను ఆయన దాచింది లేదు. ఇప్పుడు దాన్ని వేళ్ళతో నొక్కి పడుకోబెట్టాడు. గేటు పక్కకు పోయి, బొటనవేలితో కాస్త ఎత్తి నిలబెట్టి, "ఈడ ఏపిచ్చండి తల్లీ" అన్నాడు.

సాయంత్రమే బోరు బండి వచ్చింది. ఆదివారం పొద్దుటికి ఏడు వందల అడుగుల దగ్గర రెండున్నర ఇంచుల నీళ్ళు ఎగజిమ్మాయి. వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. గోవిందప్ప మొహం మాత్రం మాడిపోయింది. నిజం చెప్పిన చోట్ల ఎన్నోసార్లు దుమ్ము లేపిన భూమి, అబద్ధానికి ఇన్ని నీళ్ళిచ్చింది.

తడిసిన చొక్కా ఆరేలోపే బాడుగ పెరిగింది.

"ఏడు వేలన్నా" అంది సుబ్బరత్నమ్మ.

"నాలుగంటిరి కదమ్మా?"

"అది నీళ్ళు లేని ఇంటికి. నీళ్ళుండే గది ఈ వీధిలో నాలుగు వేలకు యాడుండాదో నీ టెంకాయతోనే ఎతుక్కో. అడ్వాన్సు మూడు నెల్లది. ఇంతకీ, మీరేమోళ్ళు?"

అప్పటికే గది ఊడ్చేసిన సుష్మ చీపురుతో అలాగే నిలబడిపోయింది. గోవిందప్ప ఆమె వంక చూసి, సంచిలోంచి టెంకాయ తీశాడు.

"తల్లీ, నిన్న ఒక మాట దాచినా. గేటుకాడి నీళ్ళు ఎండాకాలం దాకా నిలుస్తాయో లేదో నాకు తెలీదు. అసలు జల ఈ గది కిందుండాది. పాప సదువు కోసం చెప్పలేదు. రాండి, చూపిస్తా."

గదిలో టెంకాయ మళ్ళీ లేచింది. సుబ్బరత్నమ్మ దాన్నీ గదినీ మార్చి మార్చి చూసింది. ఏడు వేలిచ్చేవాడు పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించుకుంటాడు. నడుమ బోరు ఎండితే వాడు కదలడు, గది తవ్వనివ్వడు.

"తవ్వాల్సొస్తే ఎట్ల?"

"చెప్పిన దినమే ఖాళీ చేస్తాం. కావాలంటే రాసిస్తా. నాలుగు వేలు, అడ్వాన్సు లేకుండా."

"బిందెలు ఆరే."

"ఎనిమిది తల్లీ. రెండున్నర ఇంచులు పడినాయి గదా."

"ఏడు. ఇంక మాట్లాడొద్దు."

సోమవారం సుష్మ కాలేజీకి పోయింది.

ఇప్పుడు గోవిందప్ప అనంతపురం వచ్చినప్పుడల్లా, కూతుర్ని పలకరించడానికి ముందు గేటు పక్కన మోటారు వేసి చూస్తాడు. తాను నిజం చెప్పిన ఏ బోరు కోసమూ ఆయన ఎన్నడూ మొక్కుకోలేదు. ఈ ఒక్క అబద్ధం మాత్రం డిగ్రీ పూర్తయ్యేదాకా, ఇంకో మూడేళ్ళు పారాలని దండం పెట్టుకుంటాడు.