సంత కదిలింది, దూలయ్య కదల్లేదు

నాకు మైకంటే పడదు. పెళ్లిలో మోగినా, గుళ్లో మోగినా లేచి అవతలికి పోతాను. మా ఆవిడ పద్మావతమ్మ "ఇదేం తిక్కండీ, నలుగురూ నవ్వుతారు" అని సణుగుతుంది. నవ్వనీ. ఆ తిక్క నాకెక్కడ పట్టుకుందో చెప్పాలంటే దూలయ్య సంగతి చెప్పాలి.

మాది రేపల్లె వైపు. ఈ అడవి వైపు భూములు చవకని విని, డెబ్బైల మొదట్లో మా నాన్న మమ్మల్నందరినీ పర్ణశాల దారిలో ఉన్న ఇప్పలమడుగుకు తోలుకొచ్చాడు. పొలం మా అన్నయ్య చేతికి పోయింది, నేను కిరాణా కొట్టు పెట్టుకున్నాను. ఆ ఊళ్లో మంగళవారం సంత. వాగు ఒడ్డున ఇప్పచెట్ల మధ్య జరిగేది. మా వాళ్లు ఉప్పు, నూనె, ఎండుచేపలు పరిచేవాళ్లు. అడవిలోని గూడేల నుంచి కోయవాళ్లు చింతపండూ చీపుళ్లూ మోసుకొచ్చేవాళ్లు. సంతకు ఒక చివర, వాగులోకి దిగే చోట ఒక పలకరాయి ఉంది. దాని మీద కూర్చునేవాడు దూలయ్య.

చూడ్డానికి చీపుళ్లు అమ్ముకునే బక్కపల్చటి కోయ ముసలాయన. చేసే పని మాత్రం వేరు. జనం మాటలు దాచేవాడు.

ఆ గూడేలకు పోస్టు పోయేది కాదు. పోయినా చదివే దిక్కు లేదు. అందుకని ఎవరికి ఏం చెప్పాలన్నా సంతకొచ్చి దూలయ్య చెవిలో చెప్పిపోయేవాళ్లు. కూతురికి నెల తప్పిందనీ, పిల్లను చూడ్డానికి రమ్మనీ, తప్పిపోయిన ఎద్దు ఫలానా గూడెంలో ఉందనీ. మాటతో పాటు ఏదో ఒక వస్తువు ఇవ్వాలి. పూసో, ఈకో, చీర అంచు పోగో. దాన్ని ఆయన పక్కనున్న సొరబుర్రలో వేసుకునేవాడు. మాట ఎవరిదో వాళ్లు వచ్చి "నాకేమన్న మాటున్నదా?" అని అడగాలి. అడిగితే బుర్రలోంచి ఆ వస్తువు తీసి చేతిలో పెట్టి, చెవిలో మాట చెప్పేవాడు. అక్కడితో ఆ మాట అయిపోయినట్టు. మళ్లీ దాన్ని దూలయ్య నోట ఎవరూ వినలేరు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి నాకు ఆ ముసలాయన్ని చూస్తే వింతగా ఉండేది. ఎన్ని కాపురాల గుట్టు ఆయన కడుపులో ఉందో! ఒక్కటి బయటికి రాలేదు.

ఆయన పెట్టుకున్న కట్టు ఇంకొకటుంది. మాట తనంతట తాను నడవకూడదు. అంటే అడగనివాడిని పిలిచి చెప్పడం ఉండదు. ఆ కట్టు మీద నాకు ఒళ్లు మండింది ఒక్క పగిడయ్య విషయంలోనే.

పగిడయ్య, జంపయ్య అన్నదమ్ములు. వాగు అవతలి గూడెం. తల్లి పోయాక చేను పంచుకుని, మధ్య గట్టు దగ్గర తగాదా పడ్డారు. పెద్దవాడు పగిడయ్య కోపం పట్టలేక "నా గడప తొక్కినవో, కాళ్లు ఇరగ్గొడ్త" అన్నాడు. చిన్నవాడు అదే పూట పెళ్లాం సైదమ్మను తీసుకుని గోదావరి దాటి అత్తవారి ఊరికి పోయాడు. కొన్నేళ్లకు ఒక మంగళవారం జంపయ్య సంతకొచ్చి, పలకరాయి దగ్గర గొంతుక్కూర్చుని, దూలయ్య చెవిలో చాలాసేపు ఏదో చెప్పడం నా కొట్లోంచి చూశాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ వచ్చి "నాకేమన్న మాటున్నదా తాతా?" అని అడిగేవాడు. దూలయ్య తల అడ్డంగా ఊపేవాడు. జంపయ్య ఉప్పు మూట భుజానేసుకుని రేవుకేసి నడిచేవాడు.

పగిడయ్య కూడా సంతకొచ్చేవాడు. పలకరాయి వైపు మాత్రం తలతిప్పేవాడు కాదు. ఒకసారి బెల్లం తూస్తూ ఉండబట్టలేక అనేశాను. "మీ తమ్ముడు వచ్చిపోతున్నాడయ్యా. వెళ్లి దూలయ్యనొకసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?"

పగిడయ్య బెల్లం వంకే చూస్తూ అన్నాడు. "ఉప్పు కోసం వచ్చిండేమో శావుకారీ. అడిగినంక లేదంటే? ఏ మొఖం పెట్టుకొని గూడెం పోవాలె?"

నేను పౌరుషం అనుకున్నాను. అది భయం.

అక్కడ లాభం లేక దూలయ్య మీదికి పోయాను. "ఇదిగో తాతా, ఆ మాట పగిడయ్యకేనని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. పిలిచి చెప్పి పుణ్యం కట్టుకోరాదూ?"

"ఎవరికో నేనన్ననా?" అన్నాడు. ఆయన కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "పిలిస్తే అది నా మాటైతది శావుకారీ. ఆని తమ్ముని మాట గాదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. విసుక్కుంటూ వచ్చేశాను.

ఎనభైల చివర్లో తారురోడ్డు పడింది. వానాకాలం వాగు ఒడ్డున లారీలు దిగబడుతున్నాయని, సంతను రోడ్డు మీదికి మార్చాలని పంచాయతీలో తీర్మానం చేశారు. సర్పంచి బసవపున్నయ్య మా మేనమామే. రేకుల షెడ్లు వేయించాడు, కుళాయి పెట్టించాడు, స్తంభానికి మైకు కట్టించాడు. నా కొట్టూ ఒక షెడ్డులోకి మారింది. "ఇక మాటలన్నీ మైకులోనే వెంకటనారాయణా. చెప్పిన నిమిషంలో సంతంతా వింటుంది. చెవులు కొరుక్కోవడం ఇంకెన్నాళ్లురా?" అని మురిసిపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. సందు దొరికితే మైకు వదలడు, అంతే.

దూలయ్యకు మైకు పక్కనే కుర్చీ వేయించాడు. మామయ్య మాట కాదనలేక ముసలాయన ఒక మంగళవారం వచ్చి ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు. జనం దగ్గరికి రావడం, నెత్తిమీద మైకు చూడటం, చెప్పకుండానే పోవడం. మరుసటి వారం కుర్చీ ఖాళీ. బుర్ర తీసుకుని పాత చోటికే పోయాడు.

"కొత్త జాగ మంచిగనే ఉన్నది," అన్నాడు నేను వెళ్లి అడిగితే. "బుర్రల ఇంక కొన్ని మాటలున్నయి. ఆల్లు ఈ రాయే ఎరుగుదురు. నేను అక్కడుంటే ఆల్లు ఎక్కడికొచ్చి అడగాలె?"

సంత పోయాక ఆ చోట గడ్డి పెరిగింది. ఆ మధ్యలో మంగళవారం మంగళవారం ఆయనొక్కడే, కొనేవాడు లేని చీపుళ్లు ముందు పెట్టుకుని. మొదట్లో ఒకరూ ఇద్దరూ వచ్చి మాటలు తీసుకుపోయారు. ఆ తర్వాత ఆ దారి తొక్కేవాళ్లు లేకుండా పోయారు.

ఒక వానాకాలం వెళ్లాక సైదమ్మ సంతకొచ్చింది. గాజుల్లేవు. దూలయ్య ఎక్కడని అడిగితే, మాటలన్నీ ఇప్పుడిక్కడేనని ఎవరో మైకు దగ్గరికి పంపారు. ఆ పిచ్చితల్లి దూలయ్యకు చెప్పినట్టే మా మామయ్య చెవి దగ్గరికి వంగి చెప్పింది. చీర కొంగు చింపి ఒక పేలిక కూడా చేతిలో పెట్టింది. మామయ్యకు నిజంగానే జాలేసింది. సాయం చేద్దామనుకున్నాడు. మైకు అందుకున్నాడు.

అంతకుముందే ఉల్లిగడ్డల ధర చెప్పాడు. అదే గొంతుతో, "వాగవతలి గూడెం పగిడయ్య ఎక్కడున్నా వినవలెను. నీ తమ్ముడు జంపయ్య జ్వరమొచ్చి చనిపోయినాడు. నీ తమ్ముడు జంపయ్య చనిపోయినాడు" అని రెండుసార్లు చెప్పాడు.

పగిడయ్య నా కొట్టు ముందే నిలబడి ఉన్నాడు. చేతిలో చింతపండు బుట్ట. సంతంతా తిరిగి ఆయన్నే చూసింది. అయ్యో, శత్రువుకు కూడా ఆ గతి పట్టకూడదు! పుట్టెడు దుఃఖాన్ని జనం మధ్యలో నెత్తిన కుమ్మరించినట్టయింది. ఏడవడానికి కూడా చోటు లేక పగిడయ్య పైకి, ఆ మైకు కేసి చూస్తూ ఉండిపోయాడు.

సైదమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "బావా, సచ్చేదాక నీ పేరే అన్నడు. దూలయ్య తాన నీకు మాట పెట్టిండు గద. తీసుకోలేదా?"

పగిడయ్య బుట్ట వదిలేశాడు. పాత సంత దారిన పడ్డాడు. కొట్టు పక్కవాడికప్పగించి నేనూ వెనకే వెళ్లాను, దూరంగా ఆగిపోయాను.

దూలయ్య రాయి మీదున్నాడు. పగిడయ్య ఆయన ముందు కూలబడ్డాడు. అడిగాడు. "నాకేమన్న మాటున్నదా తాతా?"

"ఉన్నది బిడ్డా," అన్నాడు దూలయ్య. అంత ఆత్రంగా ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. బుర్రలో వెతకనక్కర్లేకపోయింది, చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. ఇత్తడి చెవిపోగు. అన్నదమ్ముల తల్లిది. అది అరచేతిలో పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. పగిడయ్య నేల మీద పడి పొర్లి పొర్లి ఏడ్చాడు. దూలయ్య వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఆ మాటేమిటో తర్వాత తిరిగి వస్తూ పగిడయ్యే నాకు చెప్పాడు. "అన్నా, గట్టు నువ్వే తీస్కో. ఇప్పపూలు రాలేనాటికి వస్త. ఇంత జావ పోస్తవా?"

రాయి దగ్గర ఏడుపు ఆగాక పగిడయ్య లేచి కూర్చున్నాడు. చెవిపోగు తిరిగి దూలయ్య చేతిలో పెట్టాడు. చెవిలో చెప్పలేదు. అంత దూరాన నాక్కూడా వినపడేట్టు అన్నాడు. "నా తమ్మునికి మాట పెడుతున్న తాతా. రమ్మను. పోస్త."

చచ్చిపోయినవాడికి మాటేమిటి, ఆ ముసలాయన ఏం చేస్తాడని నేను చూస్తున్నాను. దూలయ్య చెవిపోగును సొరబుర్రలో వేసుకున్నాడు.

ఆ తర్వాత కూడా మంగళవారం తప్పకుండా వచ్చి ఆ రాయి మీదే కూర్చునేవాడు. "ఇంకెవరి కోసం తాతా?" అని ఒకసారి అడిగాను. "మాటున్నది గద శావుకారీ," అన్నాడు. మైకులో ఏదో ధర చెబుతుంటే ఇంత దూరానికీ వినిపిస్తోంది. ఆ రోజు నుంచే మైకంటే పడదు.

తొంభై రెండో, మూడో, ఎండాకాలం ముందు దూలయ్య మంచం పట్టాడు. కబురొస్తే వెళ్లాను. పగిడయ్య అప్పటికే తలాపున కూర్చుని జావ తాగిస్తున్నాడు. ఒక గుటక దిగితే రెండు గుటకలు పక్కకు కారిపోతున్నాయి. గుడిసె బయట ఇప్పపూలు రాలి ఉన్నాయి, ఎవరూ ఏరలేదు.

దూలయ్య సొరబుర్ర అందుకోమన్నాడు. బోర్లిస్తే చెవిపోగు ఒక్కటే పడింది. తిరిగి ఇచ్చేస్తున్నాడనుకుని పగిడయ్య చెయ్యి చాపాడు. ముసలాయన ఇవ్వలేదు. పిడికిట్లో బిగించుకున్నాడు.

"ఇన్నేండ్లు ఏ మాటనూ నడవనియ్యలేదురా," అన్నాడు పగిడయ్యతో. "నేనెట్లాగూ నీ తమ్ముడున్న తానకే పోతున్న. ఇది నేనే తీస్కపోత."

ఆ పిడికిలి మళ్లీ తెరవలేదు. అలాగే మట్టిలో పెట్టాం.