చెవులతో చదివిన వదిన

మా వదిన పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను గోకుందలో ఉన్నాను. మా కంపెనీ ఆ చుట్టుపక్కల ఇళ్లకు, దుకాణాలకు ఇంటర్నెట్ ఇస్తుంది. అక్కడి చిన్న గదిలో పాడైన బ్యాటరీ మారుస్తుంటే అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, ఇగ రా. మీ వదిన లేదు" అన్నాడు. అంతే. వెనక నుంచి నాందేడ్ ఆసుపత్రి వరండాలో ఎవరో మరాఠీలో చక్రాల కుర్చీ అడుగుతున్నారు. నేను సగం బిగించిన బ్యాటరీని పూర్తిగా బిగించి, తలుపుకు తాళం వేసి, బస్సెక్కాను. పని సగంలో వదిలితే ఆమెకు నచ్చదు.

వదిన పుట్టిన ఊరు మర్ఖేల్. వ్యవసాయం చేసే ఇల్లు. మరాఠీ బడిలో చదివి, నాందేడ్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసింది. పెళ్లికి ముందే ఈ కంపెనీలో చేరింది. హిమాయత్‌నగర్ నుంచి మర్ఖేల్ దాకా మా రౌటర్లన్నీ, అంటే ఇంటర్నెట్‌కు దారి చూపించే పెట్టెలన్నీ, ఆమె చేతి కింద ఉండేవి. నాందేడ్ ఆఫీసులో కూర్చుని, నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసి, ఎక్కడో ఉన్న పెట్టెతో మాట్లాడేది. నన్ను ఆ పనిలో పెట్టించింది కూడా ఆమే.

చేరిన కొత్తలో హిమాయత్‌నగర్ బజారులో నెట్ ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. నేను తొందరపడి రౌటర్‌ను ఆపి మళ్లీ నడిపించబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిల్లా. పడ్డోన్ని లేపే ముందు ఏడ దెబ్బ తాకిందో జూస్తమా, లేదా? ముందు జూడు, తర్వాత ముట్టు."

ఏ తీగ బతికి ఉందో, దేనిలో తప్పులు పేరుకుంటున్నాయో రౌటర్‌నే ఒక్కొక్కటిగా అడిగి చూపించింది. చివరికి ఒక మందుల దుకాణం షట్టర్ కింద తీగ నలిగిందని తేలింది.

దూరాన ఉన్న రౌటర్‌లో ఏదైనా మార్చాలంటే ఆమెకొక పద్ధతి ఉండేది. కాసేపటికి దానంతట అదే ఆగి, పాత అమరికతో మళ్లీ మొదలవమని ముందే ఆజ్ఞ ఇచ్చేది. మన మార్పు వల్ల మనకే దారి మూసుకుపోతే, ఆ పెట్టె తనే పాత స్థితికి వస్తుంది. "తిరిగొచ్చే తొవ్వ పెట్టుకోనే పోవాలె" అనేది. అంతా బాగుందని తెర చెప్పినా నమ్మేది కాదు. ఆ మందుల దుకాణం ఆయనకు ఫోన్ చేసి, "కాకా, నెట్ మంచిగ నడుస్తుందా?" అని అడిగి, ఆయన అవునన్నాకే ముందిచ్చిన ఆజ్ఞను రద్దు చేసి, మార్పును భద్రపరిచేది.

షుగర్ ఆమె కళ్లను మెల్లమెల్లగా తినేసింది. కంటిలో సూదులు పొడిచారు, లేజర్ చేశారు. అక్షరాలు పెద్దవి చేసుకుంటూ పోయింది. చివరికి తెర నిండా రెండు మూడు మాటలే పట్టేవి. ఆ తర్వాత అవి కూడా కనిపించలేదు. ఇంట్లో అందరం ఉద్యోగం పోయినట్టే అనుకున్నాం. ఆమె మాత్రం తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టించుకుంది.

"ఈ నల్ల తెరకు నా కండ్లతోటి పని లేదు పిల్లా. ఉండేటివి అక్షరాలే గదా. చెవులతోటి సదువుకుంట."

అలాగే చదువుకుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి మా మాటల వైపు. ఆ యంత్రం గొంతును ఎంత వేగంగా పెట్టుకునేదంటే, మాకు అది వేడి పెనం మీద నీళ్లు చిటపటలాడినట్టు వినిపించేది. ఆమెకు మాత్రం ప్రతి అంకె తెలిసేది.

తర్వాత కంపెనీ పద్ధతి మార్చింది. రౌటర్లన్నీ ఒక మ్యాపు మీద చుక్కల్లా కనిపిస్తాయి, పని చేస్తే ఆకుపచ్చ, చెయ్యకపోతే ఎరుపు. భద్రత పేరుతో, ఆజ్ఞలు టైపు చేసే పాత దారి మూసేశారు. కొత్త పేజీ తెరిస్తే వదిన చెవిలో యంత్రం "బొమ్మ, బొమ్మ, బటన్, బొమ్మ" అని మాత్రమే చెప్పేది. మేనేజర్ చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చిన నిర్ణయం. తల వంచుకుని, "తాయీ, తుమ్హీ ఫోన్ ఘ్యా" అన్నాడు, ఇక ఫోన్లు తీసుకోమని. ఆమె "చాలేల్" అంది, సరే అన్నట్టు.

కొన్నాళ్లు ఫిర్యాదులు విన్నది. మధ్యమధ్య నా వైపు తిరిగి, "హిమాయత్‌నగర్ ఎట్లుంది?" అని అడిగేది.

"ఎర్రగుంది వదినా."

"ఎర్రగుంటే ఏంది? ఏమైంది దానికి?"

చెప్పడానికి నా ముందు రంగు తప్ప ఏమీ లేదు. ఆమె మళ్లీ ఫోన్ ఎత్తి, "జరసేపు ఓపిక పట్టుండ్రి" అని ఎవరికో చెప్పేది. ఒకరోజు ఆటోలో ఇంటికి వస్తూ, నా భుజం మీద చెయ్యి వేసి, "కండ్లు పోయిన్నాడు గింత చీకటి కాలే పిల్లా" అంది. మర్నాటి నుంచి ఆఫీసుకు రాలేదు.

తీసేసిన సామాన్లలోంచి ఒక పాత రౌటర్ అడిగి తెప్పించుకుంది. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆజ్ఞలు టైపు చేసి దాన్ని చూసుకునేది. అన్నకు అర్థమయ్యేది కాదు. "దానికి ఏ ఊరూ తగిలిచ్చి లేదు గదా, ఏం జూస్తవే?" అని అడిగాడు. "ఆగకుంట నడుస్తున్నదా లేదా అని జూస్త" అంది. కిడ్నీలు చెడి డయాలిసిస్ మొదలయ్యాక అదీ ఆగిపోయింది. కూర్చునే ఓపిక లేదు.

చివరిసారి ఆసుపత్రిలో నేను ఏవో ధైర్యం మాటలు చెప్పబోతే ఆపింది.

"మంచి మాటలు నాకొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. డాక్టర్ ఏమన్నడు?"

"గుండె కూడ బలహీనమైందంట వదినా."

"ఆఁ. గట్ల చెప్పాలె" అంది. నా వేళ్లు గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

దినాలు అయ్యాక ఇంటికి సున్నం వేయడానికి మనిషి వచ్చాడు. వంటింటి నుంచి వేసుకుంటూ ముందు గదిలోకి వచ్చి ఆగాడు. గోడ మీద భుజమంత ఎత్తున నల్లటి చార ఒకటి ఉంది, మంచం దగ్గర నుంచి తలుపు దాకా. వదిన వేళ్లు ఆనించుకుంటూ నడిచిన చోటు. తలుపు దగ్గర తెగి, అవతలి గోడ మీద మళ్లీ మొదలై, ఆమె కుర్చీ దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్లూ మేమెవరం దాన్ని సరిగ్గా చూడలేదు.

"దాదా, దీని మీద కూడ ఎయ్యాల్నా?" అని అడిగాడు.

అన్న వెళ్లి ఆ చార మీద చెయ్యి ఆనించాడు. కుంచె నుంచి సున్నం చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఆ మనిషి కుంచెను బకెట్‌లో పెట్టి, గడప మీద కూర్చున్నాడు.