సగం పాట

కార్పథోస్ దీవిలో, ఆ కొండమీది ఊళ్ళో, నికితాస్ కుట్టిన తోలుబూట్లు లేని ఇల్లు లేదు. అతని పాట లేని పెళ్ళి అసలే లేదు. ఒళ్ళో మూడు తీగల లీరా, దాన్ని వాయించే కమానుకు చిరుగంటలు. విందుబల్ల దగ్గర కూర్చుంటే చాలు, అప్పటికప్పుడు రెండు పాదాల పాట అల్లి విసిరేవాడు. ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ముల్ని ఆ రెండు పాదాలతోనే కలిపేవాడు. గొర్రెలు కాసే వసిలారస్ ఒక్కడే అతనికి సరిజోడు. పాటల్లో ఒకర్నొకరు ఉతికి ఆరేసుకుంటూనే ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

అంతలో నికితాస్ భార్య ఫోతినీ పోయింది. ఆచారం ప్రకారం అతను గంటలు విప్పేసి, లీరాను గోడకు తగిలించాడు. దుఃఖకాలం తీరినా దింపలేదు. జనం పొగరన్నారు. పొగరా, పాడా! నోరు విప్పితే పాట బదులు ఏడుపొస్తుందేమోనని అతని భయం. పాటగాడిగా తన పని అయిపోయిందనే అనుకున్నాడు.

కూతురు కలియోపికి ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మంలో అమ్మమ్మ పేరే పెట్టారు. విందు నికితాస్ ఇంట్లోనే. మేకమాంసం ముగించి మగవాళ్ళు బల్ల చుట్టూ చేరారు. వసిలారస్ లేచి, గోడమీది లీరాను తెచ్చి నికితాస్ ఒళ్ళో పడేసి, పాట ఎత్తుకున్నాడు:

"గోడకు వేలాడే లీరా సాలీడు పాలాయె,
వాయించే మొనగాడు మా ఊళ్ళో లేడాయె!"

అలా కవ్వించి పాడితే బదులు పాడాల్సిందే. పాడకపోతే విందు పెట్టిన ఇంటికే అవమానం.

"ఒరే, నా వల్ల కాదురా. ఏడుపొస్తుంది."

"వస్తే ఏడువు! ఏడవటానికైనా మనకీ బల్ల కాక ఇంకేముందిరా?"

నికితాస్ కళ్ళు మూసుకుని అందుకున్నాడు:

"ఫోతినీ పేరు మళ్ళీ మా ఇంట వినవచ్చె..."

అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. రెండో పాదం రాలేదు.

ఒకరు పాడిన పాదాన్ని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి పాడటం అక్కడి పద్ధతి. ఒక్కసారి పాడితే చాలు. వాళ్ళు ఆపలేదు. మళ్ళీ పాడారు, మళ్ళీ పాడారు. వంటింట్లోంచి ఆడవాళ్ళూ గొంతు కలిపారు. రెండో పాదం అతనికి దొరికేదాకా మొదటిదాన్ని కింద పడనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఊరికోసం తానే పాడుతున్నాననుకున్నాడు, పిచ్చి నికితాస్! ఇంతమంది తనకున్నారన్న కృతజ్ఞతతో గుండె నిండిపోయింది. కన్నీళ్ళు కారుతుండగానే పాడాడు:

"పోయిన నా గొంతు మీ నోట తిరిగొచ్చె!"

వసిలారస్ ముక్కు చీదుకుంటూ, "హమ్మయ్య! ఇంకాసేపైతే నా గొంతు పోయేది. ఆ గంటలేవిరా? కట్టు!" అన్నాడు.

కలియోపి జేబులోంచి గంటలు తీసి తండ్రి చేతిలో పెట్టింది. పొద్దుట్నుంచీ వాటిని జేబులో వేసుకునే తిరుగుతోంది.