పాలు పట్టుకున్న ఎరుపు

మా మేడం పోయారని ఒంగోలు నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. గుంటూరులో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆమే గైడు. అప్పటి నుంచి ఎవరితో ఏం మాట్లాడుతున్నా చివరికి ఆమె మాటే వస్తోంది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. చర్చికైనా ల్యాబుకైనా మంగళగిరి చీరే. పాలు పోస్తే టీ గుణం పోతుందటగా అని అడిగినవాళ్లకు, "పోతుందో లేదో చూడాలి. రుచి మాత్రం వస్తుంది, తాగండి" అని కప్పు చేతిలో పెట్టేవారు. ఆ సందేహాన్నే నాకు ప్రాజెక్టుగా ఇచ్చారు, కాకపోతే టీకి బదులు మన మిరప ఎరుపుతో. ఆ రంగు పాలలోని ప్రోటీనుకు అంటుకుంటుందా? అంటుకుంటే దాని యాంటీ ఆక్సిడెంట్ బలం ఏమవుతుంది?

కారం వాళ్లింటి నుంచే తెచ్చారు. వెన్న తీసిన పాలలో కలిపి చూస్తే బలం కొంచెమైనా తగ్గలేదు. నేను ఎగిరి గంతేశాను. బ్రాడీపేటలో థీసిస్ బైండింగుకు ఇవ్వబోతుంటే మేడం ఫోను.

"ఆగమ్మా, ఇవ్వకు. మా ఊరి మరలో కారం పట్టేటప్పుడు ఘాటు లేవకుండా కాయలకి నూనె రాస్తారు. మా అమ్మ రోజుల నుంచీ అంతే, నాకు తట్టనే లేదు. రంగంతా ఆ నూనెలోనే ఉండిపోయుంటుంది. ప్రోటీను దాకా పోయుండదు."

గడువు దాటితే నాకు ఏడాది పోతుంది. ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు, నన్ను వెంటబెట్టుకుని హెడ్డు గదికి నడిచారు. "తప్పు నాదండి, కారం మా ఇంటిది. ఈ పిల్లకి కాస్త టైమివ్వండి" అన్నారు. అంత సీనియరు నాకోసం అలా నిలబడి అడుగుతుంటే తల ఎత్తలేకపోయాను. ఆయన ఒప్పుకున్నారు.

ఆదివారం ఆరాధన కాగానే ల్యాబుకు వచ్చేశారు. నేల మీద పేపరు పరిచి ఎండుమిరపకాయల తొడిమలు తీశాం. ఇద్దరికీ ఒకటే తుమ్ములు. నూనె చుక్క తగలకుండా మిక్సీ పట్టాం. ఈసారి రంగు ప్రోటీనుకు అంటుకుంది, బలం తగ్గింది.

నా మొహం చూసి, "తగ్గితే తగ్గిందనే రాయమ్మా. కడుపులో పాలు అరిగాక ప్రోటీను ఆ రంగుని మళ్లీ వదులుతుందేమో, అది ఇంకెవరైనా చూస్తారు" అన్నారు. అలాగే రాశాను. నా ఎమ్మెస్సీ నిలబడింది. ఆమె ఆ ఫోన్ చేయకపోయినా పట్టా వచ్చేదే, కానీ అందులో నిజం ఉండేది కాదు.

ఆ ఆదివారం పని అయ్యేసరికి ఆమె చేతులు భగ్గున మండుతున్నాయి. మంట తగ్గడానికి మిగిలిన పాలు చేతుల మీద పోయమన్నారు. సింకు దగ్గర నేను పోస్తుంటే ఆమె అరచేతులు రుద్దుకుంటూ నవ్వుతున్నారు. వేళ్ల సందుల్లోంచి పాలు ఎర్రగా జారుతున్నాయి.