సినిమా గుహలో సాంబ్రాణి

ఒక పాత భక్తి సినిమాలోని గుహ సీను మా పెద్దారవీడు కొండలోనే తీశారని నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు సుశీల. పోయిన కార్తీకంలో ఇద్దరం చూడబోయాం. సినిమావాళ్లు వదిలేసిన సిమెంటు అమ్మవారు ఇంకా అక్కడే ఉంది. మనసాగక, సంచిలో ఉన్న సాంబ్రాణి తీసి వెలిగించాను.

“సినిమా బొమ్మకు పూజ ఏంది వదినా!” అని సుశీల నవ్వుతుండగానే, పొగ తగిలి పైనున్న తేనెపట్టులోని ఈగలన్నీ లేచాయి. తను బయటికి పరిగెత్తింది. నేను కొంగు తలమీదికి లాక్కుని అక్కడే కూర్చుండిపోయాను.

దగ్గరలో తేనె తీస్తున్న చెంచు లింగమ్మ ఉరికి వచ్చి, తను కప్పుకున్న గొంగడి నా మీద వేసింది. కాట్లన్నీ ఆమెకే పడ్డాయి.

“పొగకు ఈగ లేస్తాదని తెలీదా అక్కా? గొంగడి లేంది మేము పొగే పెట్టం” అంది, వాచిన ముఖంతోనే నవ్వుతూ.

మీరు దీపం పెట్టేటప్పుడు లింగమ్మను కూడా ఒకసారి తలుచుకోండి.