బావ లేని ఆల్బమ్

మా బ్యాండ్‌లో పాడేవాడు మా బావ. మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్ద. గిటార్ నాది. ఉద్యోగాలొచ్చి మిగతావాళ్లు జారుకున్నాక మేమిద్దరమే మిగిలాం. మిగిలిన ఇద్దరం కూడా ఒక్క పాట దగ్గర చెడ్డాం.

గండిమైసమ్మ దగ్గర కాలేజీ ఫెస్ట్ అది. బావ అప్పటికే కీసర వైపు ప్లాట్లు అమ్మే పనిలో దిగాడు. ఎవరికో ప్లాటు చూపించి, స్టేజీ మీదికి ఆలస్యంగా వచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యలో నా గిటార్ సోలో రాగానే ఇక ఆపలేదు. అతను పాడాల్సిన చరణమంతా నా గిటారే మింగేసింది. బావ కాసేపు మైకు పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత దాన్ని స్టాండులో పెట్టి దిగిపోయాడు. కుర్రాళ్లు ఈలలేస్తుంటే నా కోసమేననుకుని ఇంకాసేపు వాయించాను.

ఆ తర్వాతే నాకు సోలో ఆల్బమ్ పిచ్చి పట్టింది. గొంతు ఉండదు, మాట ఉండదు, అంతా గిటారే. మేడ్చల్‌లో మా ఇంట్లో గిటార్ ఆంప్లిఫయర్ పెడితే పక్కింటివాళ్లు కొట్టడానికొచ్చేవారు. ఆ గొడవ మనసులో పెట్టుకోకుండా చోటు బావే చూపించాడు. శామీర్‌పేటలో మామయ్య కోళ్ల ఫారం ఉండేది. చుట్టూ విల్లాలు లేచాక, వాసనొస్తోందని అందరూ గొడవ చేస్తే మూసేశారు. ఖాళీ రేకుల షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి, "కోళ్లు లెవ్వు, ఇగ నువ్వే కూయాలె బామ్మర్దీ" అన్నాడు.

మిగిలిపోయిన గుడ్ల ట్రేలు గోడలకు అతికించాను. మోత ఏమీ తగ్గలేదు గానీ చూడ్డానికి స్టూడియోలాగే ఉండేది. ఎండ ముదిరితే నేలలోంచి పాత వాసన లేచేది. వాన పడితే రేకుల చప్పుడుకు పని బంద్. సాయంత్రాలు బావ వచ్చి, తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడుకునేవాడు. ఒకరోజు లోపలికి తొంగిచూశాడు.

"నేనేమన్న పాడాల్నా?"

"సోలో అంటే ఏందో తెల్వదా బావా? ఒక్కడే."

"మస్తు తెలుసు తియ్" అని నవ్వి తలుపు చేరేశాడు.

తెలియనిది నాకే. నేను కట్టే ప్రతి వరుసా అతని గొంతుకు అందే శ్రుతిలోనే పుట్టేది. వరుసకూ వరుసకూ మధ్య, అతను ఊపిరి పీల్చి అందుకునే చోటు దానంతటదే ఖాళీగా మిగిలేది. పంతం కొద్దీ ఆ ఖాళీల నిండా స్వరాలు కుక్కాను. చివరి పాటలో ఒక్కచోట మాత్రం ఏం కుక్కినా అతకలేదు, ఖాళీగానే వదిలేశాను.

ఆ పాట రికార్డు చేస్తుంటే మంచి టేక్ ఒకటి వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గిటార్ వెనకాల ఎక్కడో బావ గొంతు: "ఈస్ట్ ఫేసింగ్ సార్, కార్నర్ బిట్టు." ఫోన్ పెట్టేశాక కూనిరాగం తీస్తున్నాడు. ఆ ఖాళీ దగ్గరికి రాగానే నిండు గొంతుతో అందుకున్నాడు. మాటల్లేవు, ఉత్త రాగం. నా ఒళ్లు ఝల్లుమంది. అంత బాగుందనే ఒళ్లు మండిపోయింది కాబోలు, విసురుగా బయటికెళ్లాను.

"ఏంది బావా, మంచి టేకు ఖరాబు జేసినవ్!"

"అరే, తెల్వకనే నోట్లెకెల్లి వచ్చిందిరా" అన్నాడు, చిన్నబోయి.

లోపలికొచ్చి ఆ టేక్ చెరిపేశాను. మళ్లీ వాయించి ఆల్బమ్ పూర్తిచేశాను. విన్నవాళ్లు నా వేళ్ల వేగం మెచ్చుకున్నారు. బావేమో ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లకు కారులో అదే పెట్టి, "మా బామ్మర్దిది" అని చెప్పుకునేవాడట.

తర్వాత బావకు థైరాయిడ్ గడ్డ తీశారు. గొంతు నరం దెబ్బతింది, అరుదుగా అట్లా అవుతుందట. గడ్డ పోయింది, గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడతను మాట్లాడితే గాలే వినిపిస్తుంది.

మొన్న కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఒకటో తరగతి పిల్ల.

"నేను పాడేటోణ్నంటే నమ్ముతలేదురా, నవ్వుతాంది" అన్నాడు నా చెవి దగ్గరికొచ్చి. "మన వీడియోలన్ని జూపిచ్చిన. అండ్ల నీ గిటారే ఇనొస్తది, నా నోరు ఆడుతది గంతే. గా షెడ్డుల నీ టేకు ఖరాబు జేసిన జూడు, అది ఉన్నదా? అండ్ల మంచిగ పాడిన."

లేదని నాకు తెలుసు. అయినా కంప్యూటర్ ఆన్ చేసి ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ కూర్చున్నాను. పిల్ల నా కుర్చీ పట్టుకుని ఎదురుచూస్తోంది. చివరికి ఆల్బమ్‌లోని పాటే పెట్టాను.

ఆ ఖాళీ వచ్చింది. బావ పెదవులు కదిలాయి.

"గిది మామ గిటారే గద నాయినా!" అంది పిల్ల.

బావ నా ముఖంలోకి చూశాడు. అర్థమైపోయింది అతనికి.

"అవ్ బిడ్డా" అన్నాడు, ఆ గాలి గొంతుతోనే. "మామ ఒక్కడే."